క్యాన్సర్ వార్డులో కల్లు సంగతి ఎవరూ అడగరు

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అక్క బిడ్డ ఎం.ఎస్సీ. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. ఈమధ్య హన్మకొండలో మా ఇంటికి వచ్చి ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంది. ఏమైందమ్మా అంటే, "నా థీసిస్ టాపిక్ మార్చుకోమన్నరు చిన్నమ్మా" అంది. నోటి క్యాన్సర్‌తో వార్డులో చేరినవాళ్లకు కల్లు, బీడీ, జర్దా ఒక్కసారిగా ఆగిపోతే మొదటి మూడు రోజుల్లో ఏమవుతుందో చూసి రాయాలని ఆ పిల్ల అనుకుంది. ఇది టైముకు పూర్తికాదని, పర్మిషన్లు రావని చెప్పి, వేరేది ఇచ్చారు. అరవై మంది స్టూడెంట్లకు ముందు ఒక పరీక్ష, తర్వాత క్యాన్సర్ మీద ఒక పాఠం, ఆ తర్వాత మళ్లీ అదే పరీక్ష. నర్సింగ్ చదివినవాళ్లకు ఈ పద్ధతి బాగా తెలుసు. స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం అంటారు. పాఠం విన్నాక మార్కులు పెరుగుతాయి. అది ముందే తెలిసిన విషయం. వార్డులో పడుకున్న మనిషికి దానివల్ల మారేది ఏమీ లేదు.

టాపిక్ మార్చమన్న మేడంను నేను తప్పుపట్టను. ఆమెకూ ఎన్నో ఇబ్బందులు ఉంటాయి. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఎంత పెద్దదో నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. సర్కారు దవాఖానల్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను.

ఒక రాత్రి సంగతి చెబుతాను. పరకాల వైపు పల్లె నుంచి ఒకాయన దవడ క్యాన్సర్‌తో చేరాడు. యాభై దాటిన మనిషి. బుగ్గ మీద పుండు, నోట్లో రెండు వేళ్లు కూడా పట్టనంతగా దవడ బిగుసుకుపోయింది. ముక్కులోంచి ట్యూబు వేసి పాలు, గంజి పోసేవాళ్లం. మొదటి రోజు బాగానే ఉన్నాడు. రెండో రోజు సాయంత్రం చేతులు వణకడం మొదలైంది. రాత్రి పదకొండు దాటాక ఒళ్లంతా చెమటలు. దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని దులపడం, ట్యూబు పీకేసుకోవడం. పక్క మంచాల వాళ్లు భయపడి వరండాలోకి వెళ్లిపోయారు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టర్ బాబు, రోగం మెదడుకు పాకిందేమో అని పొద్దున స్కానింగ్‌కు రాశాడు. చేతులు మంచానికి కట్టమన్నాడు. ఆ ముడి నేనే వేశాను. ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

ఆయన భార్య మంచం పక్కన చాప మీద కూర్చుని ఉంది. పక్కకు పిలిచి, "అక్కా, మీ ఆయన రోజూ ఏం తాగుతడు?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కల్లే సిస్టరమ్మా. మందు కల్లు. పొద్దుగాల రెండు సీసలు, మాపటికి రెండు. ఈడికి వచ్చినంక బంద్ అయింది గదా" అంది. ముందే ఎందుకు చెప్పలేదంటే, "తాగుతడని చెప్తే ఆపరేషన్ చెయ్యరని ఊళ్లె అన్నరు" అంది.

డాక్టర్‌కు చెప్పగానే ఆయన మందు మార్చాడు. రెండు రోజుల్లో మనిషి నిమ్మళమయ్యాడు. కట్లు విప్పేశాం.

చెట్టు కల్లుకు, మందు కల్లుకు తేడా మన జిల్లాల్లో అందరికీ తెలుసు. మందు కల్లులో అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్ర, మత్తు మందులు కలుపుతారు. ఏళ్ల తరబడి తాగిన ఒంటికి అది ఒక్కరోజులో ఆగిపోతే వణుకు, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు బారులు కట్టారు. అప్పుడు పేపర్లన్నీ రాశాయి. క్యాన్సర్ వార్డులో అదే పని ఒక్కో మంచం మీద, చప్పుడు లేకుండా జరుగుతుంది. మనం దాన్ని రోగం ముదిరింది అనుకుంటాం.

పుస్తకాల్లో దీనికి కొలతలు లేవా అంటే ఉన్నాయి. తాగుడు అలవాటు కనిపెట్టడానికి 'కేజ్' (CAGE) అనే నాలుగు ప్రశ్నల షీటు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 'ఆడిట్' (AUDIT) అనే పది ప్రశ్నల షీటు ఉంది. మానేసినప్పుడు వచ్చే ఇబ్బందిని లెక్కవేసే సీవా అనే షీటు ఉంది. ఇవన్నీ సారా, విస్కీ, బీరు లాంటి మద్యాన్ని మనసులో పెట్టుకుని చేసినవి. వారానికి ఎన్ని డ్రింకులు అని అడిగితే మా పల్లె ముసలాయన ఏం చెప్తాడు? ఆయన తాగే సీసలో కల్లు ఎంత, మాత్రల పొడి ఎంత అనేది ఆయనకూ తెలియదు, అమ్మేవాడూ చెప్పడు. మన రోగికి సరిపోయే ప్రశ్నలు మనమే తయారుచేసి, మన వార్డుల్లోనే సరిచూసుకోవాలి. నర్సింగ్ రీసెర్చ్ అంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

కల్లు సంగతి అడగాలనడానికి ఇంకో ముఖ్యమైన కారణం మార్ఫిన్. క్యాన్సర్ నొప్పి బాగా ముదిరినప్పుడు దాన్ని మించిన మందు లేదు. సరైన మోతాదులో, నాలుగు గంటలకోసారి గడియారం చూసి ఇస్తే మనిషి కూర్చుని మనవళ్లతో మాట్లాడతాడు. దాంతోపాటు మలబద్ధకానికి కూడా మొదటి రోజు నుంచే మందు ఇవ్వాలి. కానీ అల్ప్రాజోలం కలిసిన కల్లు తాగుతూ మార్ఫిన్ వేసుకుంటే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఇల్లు చేరిన రోగికి చుట్టాలు ప్రేమకొద్దీ ఒక సీస తెచ్చి ఇస్తారు. పోయే ప్రాణం, అడిగింది ఇద్దాం అంటారు. వాళ్లకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే కదా. చెప్పాలంటే ముందు అడిగి ఉండాలి.

మరోపక్క, మార్ఫిన్ అనగానే ఇంటివాళ్లు "మత్తుమందు, అలవాటైతది" అని మాత్రలు దాచేస్తారు. ముప్పై ఏళ్లు బీడీలు, కల్లు మీద గడిచిన మనిషి విషయంలో ఆ భయం ఇంకా ఎక్కువ. కొందరు డాక్టర్లు, నర్సులు కూడా, తాగుబోతు కాబట్టి ఎక్కువ మందు అడుగుతున్నాడు అనుకుంటారు. నేనూ ఉద్యోగం కొత్తల్లో అలాగే అనుకున్నాను. మద్యం, మత్తు అలవాటున్న మనిషికి కూడా క్యాన్సర్ నొప్పి అంతే ఉంటుంది, అంతే మందు కావాలి. కాకపోతే దగ్గరుండి కనిపెట్టుకోవాలి.

మా నాయిన కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. 1994లో గొంతు క్యాన్సర్‌తో ఇంట్లోనే పోయాడు. నేను నర్సునై ఉండి కూడా ఒక్క మార్ఫిన్ మాత్ర తేలేకపోయాను. 1985 నాటి మత్తుమందుల నియంత్రణ చట్టం కింద లైసెన్సు మీద లైసెన్సు కావాలి, ఆసుపత్రులే దాన్ని తెప్పించుకోవడం మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించాక దారి సులువైంది. ఇప్పుడు మన జిల్లాల్లో, ముదిరిన రోగాల్లో నొప్పి, బాధ తగ్గించి చూసుకునే పాలియేటివ్ కేర్ సెంటర్లు వచ్చాయి. 'ఆలన' బండిలో నర్సు పల్లెకే వెళ్లి పుండు కడిగి, కట్టు కట్టి, మందు చూసి వస్తోంది. ఆ అమ్మాయిలను చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. మంచం కింద ఉన్న కల్లు సీస కూడా మొదట వాళ్ల కంటనే పడుతుంది. దాన్ని రాసుకోవడానికి వాళ్ల ఫారంలో ఒక గడి ఉండాలి.

నర్సు చూసింది రీసెర్చ్ అవుతుందా అని అనుమానం ఉన్నవాళ్లు సిసిలీ సాండర్స్ జీవితం చూడాలి. లండన్‌లో ముందు నర్సు. తర్వాతే డాక్టరు చదివింది. నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకు మార్ఫిన్ ఇస్తే రోగులు హాయిగా ఉంటున్నారని ఒక చిన్న ఆసుపత్రిలో సాయంత్రాలు సేవ చేస్తూ గమనించింది. తర్వాత వెయ్యిమందికి పైగా రోగుల వివరాలు ఓపికగా రాసిపెట్టింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టింది. పాలియేటివ్ కేర్ ప్రపంచమంతా పాకడానికి ఆ రాతలే బలం.

రాష్ట్రంలోని నర్సింగ్ కాలేజీల పరీక్షలు నడిపే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం మన వరంగల్‌లోనే ఉంది. వాళ్లను నేను కోరేది ఒకటే. క్యాన్సర్, పాలియేటివ్, మత్తు అలవాట్లు కలిసే చోట టాపిక్ తీసుకునే పిల్లలకు దారి ఇవ్వండి. ఒక్క పిల్ల ఒక్క ఏడాదిలో తేల్చలేకపోతే, ఈ బ్యాచ్ మొదలుపెట్టింది వచ్చే బ్యాచ్ కొనసాగించనివ్వండి. రెండు మూడు జిల్లాల కాలేజీలు ఒకే ప్రశ్నల షీటు వాడనివ్వండి. చావుబతుకుల్లో ఉన్న మనిషి ముందు నలభై ప్రశ్నల ఫారం పట్టుకుని నిలబడకుండా, నాలుగైదు మాటల్లో అయ్యేలా చూడండి. తేలిన సంగతి తెలుగులో ఒక పేజీ రాసి వార్డుకు తిరిగి పంపండి. బీరువాలో అట్ట వేసి పెట్టిన థీసిస్ రాత్రి డ్యూటీ నర్సు చేతికి అందదు.

ఇంటివాళ్లకు కూడా ఒక మాట. ఆసుపత్రిలో చేరేటప్పుడు కల్లు, మద్యం, గుట్కా, నిద్రమాత్రలు ఏది అలవాటున్నా దాచకండి. చెప్పినందుకు వైద్యం ఆగదు, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టర్‌కు అది తప్పనిసరిగా తెలియాలి. ఇంట్లో మీరే ఒక్కసారిగా మాన్పించకండి, డాక్టర్ సలహాతో మెల్లగా తగ్గించాలి. మాన్పించే విషయంలో సలహాకు 14446 అనే ఉచిత నంబర్ ఉంది.

నొప్పిని సున్నా నుంచి పదిలో చెప్పమంటే మా వార్డు పెద్దవాళ్లకు తెలిసేది కాదు. రూపాయిలో ఎన్ని అణాలంత నొప్పి అంటే, "పన్నెండణాలు" అని ఠక్కున చెప్పేవాళ్లు. గుంజుతాంది, సలుపుతాంది అనేవాళ్ల నొప్పి ఒకటి. మండుతాంది, కరెంటు కొట్టినట్టున్నది అనేవాళ్లది నరాల నొప్పి, దానికి మందు వేరు. అలాంటి మాటలు, ఎవరికి ఏం అలవాటు, ఆగిన ఎన్నో రోజు ఏమైంది అనేది రెండు పెద్ద నోట్‌బుక్కుల్లో రాసుకున్నాను. రోగుల పేర్లు, ఊళ్లు కనిపించకుండా కొట్టేశాను. మొదట మా అక్క బిడ్డకు ఇస్తున్నాను. ఇంకా ఏ విద్యార్థికైనా పనికొస్తాయంటే జిరాక్స్ తీయించి ఇస్తాను.

– ఒక విశ్రాంత హెడ్ నర్సు, హన్మకొండ