నీ పిట్స్ తిన్నగా ఎగరాలంటే

ఒరేయ్ శీనూ,

నీ పిట్స్, అదే ఆ రెండంతస్తుల రెక్కల (బైప్లేన్) రేడియో కంట్రోల్ మోడల్ విమానం గురించి రాసిన ఉత్తరమూ, వీడియోలూ అందాయి. ఎర్ర కవరింగ్ మీద ఆ తెల్ల చారలు ఎంత బాగా కుదిరాయిరా! ఎగరడం చూశాక మాత్రం నీ బాధ అర్థమైంది. రోల్ వేస్తే, అంటే ముందుకు పోతూనే పక్కకి ఒక చుట్టు తిప్పితే, ముక్కు గుండ్రంగా సున్నాలు చుడుతోంది. లూప్‌లోంచి, అంటే నిలువు వలయం తిరిగి, బయటికొచ్చేసరికి ఎడమ రెక్క వాలిపోయి ఉంటోంది. నైఫ్ ఎడ్జ్‌లో (ఒక రెక్క నేలవైపు, ఒకటి ఆకాశంవైపు ఉండేలా పక్కకి తిప్పి) పెట్టగానే పొట్టవైపు లాగేస్తూ, రడ్డర్ (తోక మీది నిలువు చుక్కాని) ఇచ్చినవైపే రోలైపోతోంది. గ్రౌండ్‌లో ఎవరో "రేడియోలో రెండు మూడు మిక్సులు పెట్టెయ్, అన్నీ పోతాయి" అన్నారని రాశావు. ఇప్పుడే పెట్టకురా. మిక్సంటే ఒక కంట్రోల్ కదిపితే ఇంకోటీ దానంతటదే కదిలేలా రేడియోలో పెట్టే అమరిక; అది తప్పుని కప్పెడుతుంది కానీ తీసెయ్యదు. ఒక వేగం దగ్గర సరిపోయిందనుకున్నది ఇంకో వేగం దగ్గర ఎక్కువో తక్కువో అవుతుంది. ముందు విమానాన్ని సరిచెయ్యి, రేడియో జోలికి చివర్న వెళ్దువుగాని.

బైప్లేన్‌లో నేను మొదట అనుమానించేది రెక్కల్నే. ఒకే కాడికి కట్టిన రెండెడ్లు చెరోవైపు లాగితే బండి ఎలా పోతుందో, పై రెక్క ఒక కోణంలో, కింది రెక్క ఇంకో కోణంలో ఉంటే మోడలూ అలాగే పోతుంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో మనం ఎగరేసిన కంట్రోల్ లైన్ మోడళ్లకి ఒక్కటే రెక్క కాబట్టి ఈ గొడవ లేదు. ఇన్సిడెన్స్ మీటర్ (రెక్క కోణం కొలిచే పరికరం) పెట్టి పై రెక్కా, కింది రెక్కా, తోక దగ్గరి స్టాబ్ (అడ్డంగా ఉండే చిన్న రెక్క), మూడూ కొలువు. రెక్కని మొదలు దగ్గర ఒకసారి, కొస దగ్గర ఒకసారి, కుడీ ఎడమా రెండువైపులా కొలవాలి. మొదలు దగ్గర కొలతలు బాగానే ఉండి కొస దగ్గర తేడా వచ్చిందంటే రెక్క మెలిపడిందన్నమాట.

ఆ మెలి ఎక్కణ్ణించి వస్తుందంటే, ఎక్కువగా రెండు రెక్కల మధ్య నిలబెట్టే స్ట్రట్ల నుంచే. స్ట్రట్ ముందు బోల్టుకీ వెనక బోల్టుకీ మధ్య 15 సెంటీమీటర్లు ఉందనుకో, వెనక రంధ్రం 1 మిల్లీమీటర్ అటూ ఇటూ అయితే రెక్క కొస దాదాపు 0.4 డిగ్రీలు తిరిగిపోతుంది. గాలిలో విన్యాసాలు చేసే ఏరోబాటిక్ మోడల్‌కి అది చిన్న తేడా కాదు. అందుకే స్ట్రట్‌ని నొక్కిపట్టి బోల్టు బిగించకు. బలవంతం చెయ్యకుండా దానంతటది కూర్చోవాలి. కూర్చోకపోతే రంధ్రం ఎపాక్సీతో పూడ్చి కొత్తది వెయ్యి. రెక్కల మధ్య బిగించే ఫ్లయింగ్ వైర్లు నిజంగా బరువు మోసేవైతే వాటినీ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ బిగించకూడదు. ఆ తరవాత దారం తీసుకుని రెక్క కొస నుంచి తోక దాకా రెండు పక్కలా దూరం సమానమో కాదో చూడు.

కొలతలన్నీ కుదిరాక, తెల్లారగట్ల గాలి లేనప్పుడు తీసుకెళ్లి సీజీ (విమానం బరువు తూగే చోటు) చూడు. థ్రాటిల్ (మోటార్ పవర్) బాగా ఇచ్చి 45 డిగ్రీల్లో ఎక్కించు, సగం రోల్ చేసి వెల్లకిలా పెట్టి ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక) వదిలెయ్. వెంటనే నేలవైపు ఒంగిపోతే ముక్కు బరువు. కాసేపు అదే దారిలో వెళ్లి నెమ్మదిగా ఒంగితే సరిగ్గా ఉన్నట్టు. వదిలేసినా ఇంకా పైకే పోతోందంటే తోక బరువు. నీది ముక్కు బరువేనని నా నమ్మకం. దాన్ని మోయడానికి ఎలివేటర్‌లో అప్ ట్రిమ్ (ముక్కు పైకి ఉండేలా ఎప్పుడూ ఉండే చిన్న సర్దుబాటు) పెట్టి ఉంటావు. రోల్‌లో మోడల్ తిరగబడగానే ఆ అప్ ట్రిమ్మే ముక్కుని నేలవైపు లాగుతుంది. నీ రోల్ సున్నా చుట్టడానికి అదే కారణం కావచ్చు. బ్యాటరీని 5 మిల్లీమీటర్ల చొప్పున వెనక్కి జరుపుతూ చూడు, ఒక్కసారే ఎక్కువ జరపకు.

లూప్‌లో వాలే రెక్క సంగతి. స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముందుండే టోపీ) దగ్గరా తోక దగ్గరా దారం కట్టి ఎత్తు, బరువైన రెక్క కిందకి వస్తుంది. తేలికైన రెక్క కొసలో చిన్న సీసం ముక్క పెడితే చాలు. అయితే బరువు తేడానీ మెలినీ కలిపెయ్యకు. బరువు తేడా లూప్‌లో, గట్టిగా లాగినప్పుడు బయటపడుతుంది. మెలి ఉంటే మామూలుగా తిన్నగా పోతున్నప్పుడే, వేగం మారినప్పుడల్లా ఎయిలరాన్ (రెక్క వెనక అంచున రోల్ చేయించే పలక) ట్రిమ్ తప్పుతుంది. నాలుగు ఎయిలరాన్లున్న మోడల్ కదా, పైదాన్నీ కిందిదాన్నీ కలిపే కడ్డీల్లో వదులు లేకుండా చూడు.

మోటార్ సంగతి తొందరగా తేలిపోతుంది. నిలువుగా పైకి పంపినప్పుడు ఎడమకి జారితే రైట్ థ్రస్ట్ (మోటార్‌ని కాస్త కుడికి తిప్పి పెట్టడం) ఇంకొంచెం కావాలి, మోటార్ మౌంట్ ఎడమవైపు బోల్టుల కింద వాషర్ వెయ్యి.

ఇవన్నీ అయ్యాక కూడా నైఫ్ ఎడ్జ్‌లో లాగుతుంటే, అప్పుడు మిక్సులు. కింది రెక్కకి డైహెడ్రల్ (కొసలు పైకి లేచి ఉండటం) ఉన్న బైప్లేన్ రడ్డర్ ఇచ్చినవైపు రోలవడం దాని స్వభావం. పొట్టవైపు లాగడానికి రడ్డర్‌తో కాస్త అప్ ఎలివేటర్, రోల్‌కి కాస్త ఎదురు ఎయిలరాన్. రెండు మూడు శాతంతో మొదలుపెట్టు.

ఇంత ఓపిక దేనికంటావేమో. ఈ విమానం రూపొందించిన కర్టిస్ పిట్స్ 1944లో మొదటిది ఎగరేసిన దగ్గర్నుంచీ ఆ చిన్న ఆకారం ఏం చెయ్యగలదో లోకం చూసింది కదరా. బెట్టీ స్కెల్టన్ 1948 నుంచి 1950 దాకా అమెరికా మహిళల ఏరోబాటిక్ చాంపియన్. ఆవిడ పిట్స్ 'లిటిల్ స్టింకర్'ని ఇప్పటికీ స్మిత్‌సోనియన్ వాళ్ల ఉద్వర్-హేజీ సెంటర్ మ్యూజియంలో తలకిందులుగానే వేలాడదీశారు. 1972లో ప్రపంచ పోటీలు గెలిచిన అమెరికా జట్టు ఎగరేసిందీ పిట్సే. అలాంటిది నీ చేతిలో వంకరగా ఎగరడం నాకు నచ్చట్లేదు.

ఇంకొకటి. దించేటప్పుడు థ్రాటిల్ మొత్తం తీసెయ్యకు. రెండు రెక్కలు, స్ట్రట్లు, వైర్ల మీద గాలి ఒత్తిడికి వేగం చటుక్కున పడిపోతుంది, మోడల్ అమాంతం కింద కూలబడుతుంది. నేల తాకేదాకా కొంచెం పవర్ ఉంచు.

నా ఇన్సిడెన్స్ మీటర్ రేపు కొరియర్‌లో వేస్తున్నాను. నాకు ఇంకోటి ఉంది, అది నువ్వే ఉంచుకో. రెక్కలు కొలిచిన అంకెలన్నీ కాగితం మీద రాసి ఫొటో పంపు, బోల్టులు విప్పకముందే ఒకసారి నేనూ చూస్తాను. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రాజు