క్లాసులు మొదలవకముందే పిల్లల్ని ఊళ్లోకి తీసుకెళ్లండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజనీరింగ్, డిగ్రీ కౌన్సెలింగులు పూర్తయి కొత్త పిల్లలు కాలేజీల్లో చేరే రోజులివి. మొదటి వారం ఎలా గడుస్తుందో మనందరికీ తెలుసు. ఆడిటోరియంలో కూర్చోబెడతారు, చైర్మన్‌గారు మాట్లాడతారు, తర్వాత ప్రిన్సిపాల్‌గారు, ఆ తర్వాత హైదరాబాద్ నుంచి పిలిపించిన వక్త ఎవరో ఒకరు, మధ్యలో ప్లేస్‌మెంట్ల లెక్కలు తెర మీద చూపిస్తారు, తల్లిదండ్రులు భోజనం చేసి ఊరికి బస్సెక్కుతారు. ఆ వారంలోనే ఒక మూడు రోజులు తీసి, క్లాసులు ఇంకా మొదలు కాకముందే, ఈ పిల్లల్ని చిన్న చిన్న జట్లుగా విజయవాడ వీధుల్లోకి తీసుకెళ్లి ఎవరికైనా పనికొచ్చే పని చేయించమని కాలేజీ యాజమాన్యాలను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. అమెరికాలో బోస్టన్ యూనివర్సిటీలాంటి చోట్ల కొత్త విద్యార్థులు క్లాసులకు ముందే వచ్చి సీనియర్ల వెంట ఊళ్లో సేవ చేసే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. అంతదూరం పోనక్కర్లేదు, మన దగ్గర కూడా కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటి మూడు వారాలు ఇండక్షన్ ప్రోగ్రామ్, అంటే కొత్తవాళ్లకు కాలేజీని పరిచయం చేసే కార్యక్రమం, పెట్టాలని సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ చెప్పింది, అందులో చుట్టుపక్కల ప్రాంతాలు చూపించడం కూడా ఒక భాగం. గాంధీగారి శతజయంతి ఏడాది 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్, అదే జాతీయ సేవా పథకం, ఉంది. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకైతే మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా పెట్టారు. మంచి ఆలోచన, కాదనను.

కానీ అది ఎలా నడుస్తోందో నాకు దగ్గరగా తెలుసు, ఎందుకంటే మాది జిరాక్స్, డీటీపీ షాపు. వేసవిలో పిల్లలు పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తారు, అందులో సీనియర్ ఇచ్చిన రిపోర్టు ఉంటుంది, ఫలానా కాలనీలో తాగునీటి సమస్య మీద సర్వే అని. పైన పేరు, రోల్ నంబరు మార్చమంటారు. స్పైరల్ బైండింగ్ చేయించుకుని వెళ్లిపోతారు. ఒకసారి ఒకబ్బాయిని అడిగాను, బాబూ ఈ కాలనీ ఇక్కడికి నడిచే దూరంలోనే ఉంది, ఎప్పుడైనా వెళ్లావా అని. లేదంకుల్, టైమ్ లేదు, సబ్మిషన్ రేపే అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అప్పటికే మార్కులు, అటెండెన్స్, క్రెడిట్లు అనే లెక్కలో పడిపోయాడు, అందులో సేవ కూడా ఒక సబ్జెక్టయిపోయింది, సబ్జెక్టు అయ్యాక ఎలా గట్టెక్కాలో సీనియర్లు నేర్పేశారు. అందుకే నేను ముందే అంటున్నాను. మార్కుల లెక్క మొదలవకముందే, ఏ క్రెడిట్టూ లేకుండా, మూడంటే మూడు రోజులు.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు ఇదే పెద్దది. మన విజయవాడ, గుంటూరు ఇంటర్ కోచింగుకి పేరుపడ్డ ఊళ్లు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి రెండేళ్లు హాస్టళ్లలో ఉండి చదువుతారు, తెల్లారకముందు స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులు. రెండేళ్లు ఇక్కడే ఉన్న పిల్లకి ప్రకాశం బ్యారేజీ నుంచి ఏ కాలువ ఎటు పోతుందో తెలియదు, ఊరి మధ్యలోంచి పోయే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఏవేవో చెప్పలేదు, పక్క వీధిలో ఎవరుంటారో అసలే తెలియదు. ర్యాంకు తప్ప ఇంకేమీ అడగని రెండేళ్ల తర్వాత వాళ్లను తీసుకెళ్లి మళ్లీ ఏసీ హాల్లో కూర్చోబెట్టి ర్యాంకుల గురించే చెబితే ఎలా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట మునిగినప్పుడు మీ పేపర్లోనే రోజూ రాశారు కాబట్టి ఆ కథంతా మళ్లీ చెప్పను. నీళ్లు తీసేశాక సంగతి చెబుతాను. ఇంట్లో మిగిలేది బురద. వానకు పట్టే బురద కాదది, మురుగూ నూనే కలిసి గచ్చుకి అంటుకుపోయి, పారతో గీకితే తప్ప రాదు, గీకిన చోట మళ్లీ జారుతుంది. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. ఎవరో కాలేజీ పిల్లలు నలుగురు పారలు, బకెట్లు పట్టుకుని వచ్చారు. మగపిల్లలు లోపలికి పోబోతుంటే వాళ్లలో ఒకమ్మాయి ఆపి, మామ్మగారూ, ముందు ఏది తీయమంటారు అని అడిగింది. ఫ్రిజ్ అంటుందనుకున్నారంతా. ఆవిడ మంచం కింద ట్రంకుపెట్టె చూపించింది. ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని పెట్టెలోంచి రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఇంటి కాగితాలు ఒక్కొక్కటే తీసి, అంటుకుపోయిన పేజీలు చిరక్కుండా విడదీసి, ఎండలో పరిచి పైన చిన్న చిన్న రాళ్లు పెట్టింది. మధ్యాహ్నం దాకా అదే పని. తర్వాత నష్టపరిహారం కోసం వార్డు సచివాలయం చుట్టూ తిరగాల్సి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో ఉన్నవి ఆ కాగితాలే.

నేను చెప్పే సేవ అలాంటిది. కాలేజీ బ్యానర్ కట్టి, కొత్త చీపుళ్లు కొని, ఊడ్చిన రోడ్డునే ఊడుస్తూ ఫొటోలు దిగడం వద్దు. ముందు ఆ వీధివాళ్లను అడగాలి, రోజూ అక్కడ పనిచేసే మున్సిపల్ కార్మికులను అడగాలి, ఏ పని చేస్తే మీకు ఉపయోగం అని. మా వీధి తరఫున ఒకటి నేనే చెబుతాను. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, మంచం మీద ఉన్న రోగులు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో ఇంటింటికీ తిరిగి రాసి, ఆ జాబితా వార్డు సచివాలయంలో ఇస్తే, మళ్లీ నీళ్లొస్తే పడవ ముందు ఎటు పోవాలో తెలుస్తుంది. 2024లో ఆ సంగతి తెలియకే ఎంతోమంది మేడల మీద ఎదురుచూశారు. ప్రభుత్వాసుపత్రి ఓపీ దగ్గర పల్లెటూరి నుంచి వచ్చినవాళ్లకి ఏ కౌంటరు ఎక్కడుందో చూపించి, చీటీ చదివి చెప్పడం ఇంకొకటి. సర్కారు బళ్లో మూడో తరగతి పిల్లల పక్కన కూర్చుని పుస్తకం చదివించడం. ఇవేవీ పెద్ద ఖర్చున్న పనులు కావు.

మూడు రోజుల్లో ఏం మారుతుందండీ అని అడుగుతారు. నిజమే, మూడు రోజుల్లో కాలనీ మారదు. అందుకే ఒక్కో కాలేజీ ఒక్కో వార్డు తీసుకుని, ఏటా అదే వార్డుకి రావాలి, పోయినేడు వచ్చిన సీనియర్లే ఈ ఏడు కొత్తవాళ్లను వెంటబెట్టుకుని రావాలి. జాబితా రాసిన వాళ్లే మరుసటేడు దాన్ని సరిచేస్తారు. సీనియర్, జూనియర్ మొదటిసారి కలిసేది హాస్టల్ కారిడార్‌లో కాకుండా ఇలా పని దగ్గరైతే ర్యాగింగ్ భయం కూడా కొంత తగ్గుతుందని నా నమ్మకం. ర్యాగింగ్ మీద 1997 నుంచీ మన రాష్ట్రంలో చట్టం ఉంది, అయినా ఏటా ఆగస్టు వస్తే తల్లిదండ్రులకు అదే టెన్షన్.

లక్షలు ఫీజు కట్టింది మా పిల్లల చేత బురద ఎత్తించడానికా అనే తల్లిదండ్రులు కూడా ఉంటారు, వాళ్లతో కొంచెం గట్టిగానే మాట్లాడాలనిపిస్తుంది. ఆ బురద ఎత్తినవాళ్లు కూడా ఎవరో కన్న పిల్లలే. కానీ వాళ్ల భయంలో న్యాయమైనది ఉంది, దాన్ని కాలేజీ పట్టించుకోవాలి. పిల్లల్ని కాలువల్లోకి, డ్రైనేజీల్లోకి దింపకూడదు, అది ఎవరి చేతా చేయించకూడని పని. గ్లవ్స్, మంచినీళ్లు, వెంట ఒక లెక్చరర్ ఉండాలి. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనానికల్లా వెనక్కి తేవాలి. ఆడపిల్లల జట్టుకి మేడమ్ తప్పనిసరిగా ఉండాలి. దీనికోసం విడిగా ఫీజు అంటూ ఒక్క రూపాయి వసూలు చేయకూడదు, రానివాళ్ల మీద ఫైన్ అసలే వేయకూడదు.

2028లో కృష్ణా పుష్కరాలొస్తాయి. 2016లో ఘాట్ల దగ్గర ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ముసలివాళ్ల చెయ్యి పట్టుకుని మెట్లు దింపడం చూసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఈసారి ఆ పని చేయాల్సిన పిల్లల్లో కొందరు ఇప్పుడే కాలేజీల్లో అడుగుపెడుతున్నారు, అప్పటికప్పుడు టీషర్టులు పంచితే నేర్చుకునే పని కాదది.

నగరపాలక సంస్థ వార్డుల వారీగా ఏ పనులు అవసరమో చెబితే, కాలేజీలు ఎంచుకోవడం తేలిక. ఈ ఏడాది ఒక్క కాలేజీ ముందుకొచ్చినా చాలు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగిన దగ్గర నుంచి మా వీధులన్నీ నాకు తెలుసు, ఏ ఇంట్లో ఎవరున్నారో దగ్గరుండి చూపించడానికి నేను వస్తాను, జాబితాలకు కావలసిన జిరాక్సులు నా షాపులో ఉచితంగా తీసిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ