బుజ్జీ, రాత్రి అన్నం మానకు

బుజ్జీ,

నిన్న ఫోన్లో "రాత్రిపూట అన్నం మానేశానమ్మా" అన్నావు చూడు, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఆ పెళ్ళిలో ఎవరో నీ పొట్ట చూసి ఏదో అన్నారని, పదో వారం బాలింతవి కడుపు మాడ్చుకుంటావా తల్లీ? పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకి 600 కేలరీల దాకా అదనంగా కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే లెక్క కట్టారు.

తప్పు నాది కూడా. పురిటికొచ్చిన రెండు నెలలూ నిన్ను మంచం దిగనివ్వకుండా, పూటపూటా నెయ్యన్నం, సున్నుండలు పెట్టి, పొట్ట వస్తుందని మంచినీళ్ళు మాత్రం కొలిచి ఇచ్చాను. మా అమ్మ నాకు అలాగే చేసింది మరి. దాహమేసినప్పుడల్లా తాగనివ్వాలని డాక్టరమ్మ కోప్పడ్డాకే తెలిసింది.

మూడు పూటలా తిను, కాకపోతే అన్నం కొంచెం తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు ఎక్కువ వేసుకో. అర్ధరాత్రి పాలిచ్చాక ఆకలేస్తే బిస్కెట్లు కాదు, గుప్పెడు వేయించిన శనగలు. సాయంత్రం పది నిమిషాల నడకతో మొదలుపెట్టి మెల్లగా అరగంట చెయ్యి, ఆ అరగంటా పాపని అల్లుడుగారు ఎత్తుకుంటారు, నేను చెప్తాను ఆయనకి. నీది సిజేరియన్ కాబట్టి ఫోన్లో చూసి పొట్ట కసరత్తులు మాత్రం చెయ్యకు, డాక్టర్ని అడిగాకే. నెలకి కిలో తగ్గినా చాలు.

బరువు కంటే నాకు ఎక్కువ టెన్షన్ షుగర్ గురించి. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకూ నీకులాగే వచ్చింది, కాన్పయ్యాక పోయిందన్నారు, మళ్ళీ ఎవరూ చూడలేదు, నేనూ అడగలేదు. నీ పదో తరగతి ఏడాది నేను కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు చూశారు, 300 దాటింది. అప్పటి నుంచీ మాత్రలే. గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళు కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల లోపు గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాత కూడా ఏడాదికో, రెండు మూడేళ్ళకో చూపించుకుంటూనే ఉండాలి. నీకు ఇంకా రెండు వారాలే ఉంది.

ఆదివారం వస్తున్నాను. సోమవారం పొద్దున పరగడుపున వెళ్ళు, అక్కడ రెండు గంటల పైనే కూర్చోవాలి, పాపని నేను చూసుకుంటాను. ఈ రాత్రి మాత్రం అన్నం తిని పడుకో.

అమ్మ