జవాను కంచంలోకి జొన్నలు రావాలంటే

సంపాదకుడికి,

అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైన 2023లో మన సైన్యం ఒక మంచి నిర్ణయం తీసుకుంది. ఎప్పుడో గోధుమ పిండి కోసం పక్కన పెట్టేసిన జొన్న, సజ్జ, రాగి పిండిని యాభై ఏళ్లు దాటాక మళ్లీ జవాన్ల రేషన్‌లో చేర్చింది. బియ్యం, గోధుమ పిండి కోటాలో 25 శాతం మించకుండా, జవాన్లు కోరిన మేరకు ఇస్తామంది. ఈ చివరి షరతే నాకు ఆందోళనగా ఉంది.

సైనికుడు ఇష్టపడే తిండి అతని ఒంటికి మేలు చేస్తుందన్న నమ్మకం లేదు. జపాన్‌లో జరిగిందే చూడండి. 19వ శతాబ్దం చివర్లో అక్కడి పేద రైతుబిడ్డలకు సైన్యంలో కడుపునిండా తెల్లన్నం దొరకడమే పెద్ద ఆశ. ఆ పాలిష్ బియ్యమే వాళ్లకు బెరిబెరి తెచ్చింది. కాళ్లు వాచి, నడక పోయి, చివరికి గుండె ఆగిపోయే జబ్బది. 1882-83లో ర్యూజో అనే శిక్షణ నౌక సుదూర ప్రయాణం చేస్తే 376 మందిలో 169 మంది దాని బారిన పడ్డారు, 25 మంది చనిపోయారు. నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో పట్టుబట్టి, 1884లో ఇంకో నౌకను తిండి మార్చి పంపించారు. బెరిబెరితో ఒక్కరూ చనిపోలేదు. తర్వాత నౌకాదళం బియ్యంలో బార్లీ కలిపింది. భూసైన్యం పెద్దలు మాత్రం తెల్లన్నాన్నే పట్టుకు కూర్చున్నారు. 1904-05లో రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు సుమారు 27 వేల మంది సైనికులు బెరిబెరితో పోయారు. శత్రువు తూటా తగలకుండానే పోయిన ప్రాణాలవి!

మనకూ తెల్లన్నం మీద ఆ మోజు ఉంది. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం ఎందరో పేదల ఆకలి తీర్చింది, అది చాలా గొప్ప పని. కానీ జొన్నరొట్టె, రాగిసంకటి తిన్న పల్లెల్లోనూ వరన్నమే మర్యాద అన్న భావం బలపడింది. అక్కణ్నుంచి సైన్యంలోకి వెళ్లిన కుర్రాడు రాగులు కావాలని అడుగుతాడా? మెస్‌లో సంకటి గెలకడం, రొట్టె తట్టడం చేతనైనవాళ్లు ఉండి, వేడివేడిగా వడ్డిస్తే అడుగుతాడు. చల్లారి బిరుసెక్కిన జొన్నరొట్టె ఒకసారి తిన్నవాడు మళ్లీ దాని జోలికి రాడు. వంటవాళ్లకు శిక్షణ ఇస్తున్నామని సైన్యం అప్పట్లోనే చెప్పింది. అది ప్రతి యూనిట్‌కూ చేరాలి.

పిండితో ఇంకో చిక్కుంది. సజ్జ పిండి గోధుమ పిండిలా నిలవ ఉండదు, త్వరగా చేదెక్కుతుంది. అందుకని గింజలే కొని, డిపోల దగ్గర్లో ఎప్పటికప్పుడు ఆడించుకోవడం మేలు. సైనికుల ఆహారం మీద 1961 నుంచి పనిచేస్తున్న పరిశోధనశాల మైసూరులో ఉంది. చిరుధాన్యాల పరిశోధన సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. రెండూ కలిసి దీనికి దారి చూపగలవు.

రక్షణ శాఖ ఏటా ఎంత చిరుధాన్యం కొన్నదో, ఏ జిల్లాల్లో కొన్నదో ప్రజలకు చెప్పాలి. అనంతపురం, మహబూబ్‌నగర్, జహీరాబాద్ ప్రాంతాల రైతు సంఘాల దగ్గర నేరుగా కొనాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. ధర, పరిమాణం ఖరీఫ్ విత్తనాలకు ముందే ప్రకటించాలి. పంట కళ్లంలోకి వచ్చాక చెబితే, అప్పటికే పత్తి వేసేసిన రైతుకు ఏం లాభం?

– ఒక పాఠకుడు, అనంతపురం