శీనుకి, గుంటూరు నుంచి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ఏమీ అనుకోకురా. వానలు మొదలైన దగ్గర్నుంచి ల్యాబ్‌లో డెంగీ శాంపిళ్లు కుప్పలుగా వస్తున్నాయి, ఇంటికి చేరేసరికి రాత్రి పది. అమ్మానాన్న బాగున్నారు, చెల్లికి సంబంధం దాదాపు కుదిరినట్టే, పచ్చ గొడుగు మాస్టారు మొన్న బ్రాడీపేటలో కనిపించారు, అదే గొడుగు! మిగతావి తర్వాత. ఇది మాత్రం నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మామ్మ అడ్డపొగ నీకు తెలుసుగా. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుందని నువ్వు చెంబుతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చావే, ఆ రోజు గుర్తుందా? శ్రీకాకుళం వదిలి ఎన్నేళ్లయినా ఆ చుట్ట వదల్లేదు. పొగాకు బోర్డు ఉన్న ఊళ్లోనే ఉంటున్నాం కానీ, ఇక్కడి పొగాకు ఆవిడకి ఆనదు, నాటు పొగాకు అత్త అక్కణ్ణుంచి పంపాల్సిందే. నిప్పు లోపల, పెదాలు మూసి, ఆ మూల నుంచి సన్నగా పొగ, అలాగే బియ్యం ఏరేస్తుంది, మనతో మాట్లాడేస్తుంది కూడా.

కారం తగిలితే అంగిలి భగ్గుమంటోందని గోంగూర మానేసింది. మామ్మ గోంగూర వద్దనడమా! నాకు గుండె జారింది. కొత్తపేటలో పళ్ల డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్లాను. లైటు వేసి చూస్తే అంగిలంతా తెల్లగా మందంగా ఉంది, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు, ఎడమవైపు గోరంత ఎర్రమచ్చ. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది, మామ్మ నోరు తుడుచుకుని, "ఇప్పుడు కొత్తగా సూత్తన్నారేటి, ఆ బొంబాయోళ్లు ఎప్పుడో సూసీనారు" అంది.

ఏ బొంబాయోళ్లు మామ్మా అని అడిగాను. నాన్న కడుపులో ఉన్నప్పుడట, జీపులో ఊళ్లోకి వచ్చి, ఇంటింటికీ తిరిగి, అరుగుల మీద కూర్చోబెట్టి అందరి నోళ్లూ బ్యాటరీ లైటేసి చూశారట. ఏం తాగుతావు, ఎన్నేళ్లకి మొదలెట్టావు, నిప్పు లోపలా బయటా అని అడిగి కాగితాల మీద రాసుకున్నారట. వాళ్లలో ఒకాయన తెల్లదొరలా ఉన్నాడంది. నాన్న పుట్టింది 67లో.

ఆ రాత్రి కూర్చుని వెతికానురా. నిజం! బొంబాయి టాటా పరిశోధన సంస్థ దంత విభాగం వాళ్లు ఐదు జిల్లాల పల్లెల్లో ఇంటింటి సర్వే చేశారు, అందులో శ్రీకాకుళం ఒకటి. మెహతా, పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ ఆయన, ఇంకొందరు కలిసి 1969లో ప్రచురించారు, మొత్తం 50,915 మంది. మామ్మ చెప్పిన దొర ఆయనే అయ్యుంటాడా? అంగిలి మీద క్యాన్సర్ మామూలుగా చాలా అరుదు, అడ్డపొగ ఉన్నచోటే ఎక్కువ. నీ విశాఖ ప్రాంతపు చుట్టకీ దానికీ సంబంధం ఉందని ఖానోల్కర్, సూర్యాబాయి అనే పరిశోధకులు 1945లోనే రాశారంటే నమ్ముతావా? 1945! మామ్మ అప్పటికి పుట్టలేదు. సిగరెట్ పెట్టె మీద 85 శాతం బొమ్మ హెచ్చరిక ఉండాలని 2016 నుంచి అమలు చేస్తున్నారు, మంచిదే, కానీ మామ్మ చుట్ట పాత పేపర్లో చుట్టి వస్తుంది, దాని మీద ఏ బొమ్మ వేస్తారు? నాకు కోపం ఆగడం లేదురా.

ఆ ముక్క మా ల్యాబ్‌కే వచ్చింది. ఫార్మలిన్ సీసాలో శనగబద్దంత. లేబుల్ మీద మామ్మ పేరు నేనే రాశాను, కోసే పని మాత్రం పక్కవాడికి ఇచ్చేశాను. రిపోర్ట్ వచ్చేదాకా ఆ టెన్షన్ ఎలా చెప్పను... క్యాన్సర్ కాదు. కణాల్లో మార్పు మొదలైంది, డిస్‌ప్లేసియా, తక్కువ స్థాయిలో. చుట్ట మానాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

ఇంటికొచ్చి ఆ సర్వే సంగతంతా మామ్మకి చెప్పాను. పొంగిపోతుందనుకున్నాను. అంతా విని, "ఆ నోళ్లలో ఎందరు మిగిలార్రా?" అంది. తన చెల్లెలు అంగిలి పుండుతోనే పోయిందట, ఇన్నేళ్లలో నాన్నకి కూడా చెప్పలేదు.

తర్వాత అదే బృందం 36 వేలకి పైగా పొగాకు వాడేవాళ్లకి ఏళ్ల తరబడి నచ్చజెప్పి చూసింది, అందులోనూ శ్రీకాకుళం ఉంది. చాలామంది మానేశారు, తగ్గించారు, నోట్లో తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గింది, 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇది చదివి వినిపిస్తే మామ్మ మాట్లాడలేదు కానీ నిన్న మూడింటికి బదులు ఒకటే కాల్చింది. దాని మీదే ఆశ పెట్టుకున్నాను.

నీతో పనుంది. ఆంధ్రా మెడికల్ కాలేజీ లైబ్రరీ మీకు దగ్గరే కదా, అడ్డపొగ మీద అక్కడ కూడా చాలా పని జరిగింది. ఆ సర్వే పల్లెల జాబితా దొరుకుతుందేమో అడుగు, మామ్మ ఊరు ఉందేమో చూడు, పేరు నీకు తెలుసుగా, నువ్వు చెరువులో చెప్పు పోగొట్టుకున్న ఊరే. ఇంకా ఆ పెళ్లి విషయం కూడా... శాంపిళ్లు వచ్చాయని పిలుస్తున్నారు, ఉంటా.

నీ
రాంబాబు