నాన్నగారికి, బ్రిస్బేన్ నుంచి

నాన్నగారికి నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మనడిగితే "బాగానే ఉన్నారు" అంటుంది. మీరేమో ఫోన్ తీసుకోరు. అందుకే ఈ ఉత్తరం.

ఎందుకు తీసుకోవడం లేదో తెలుసులెండి. నేను ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తుతున్నానని పెద్దత్త చెప్పిందట కదా. నిజమే. బారిస్టర్ల ఆఫీసు. ఫోన్లు ఎత్తుతాను, ఫైళ్లు సర్దుతాను, వాయిదాలు రాసుకుంటాను. ఎల్ఎల్‌బీ చదివి ఇదా అన్నారట. మన డిగ్రీ ఆస్ట్రేలియాలో నేరుగా చెల్లదని బయల్దేరేముందే చెప్పాను. ఇక్కడి రాజ్యాంగం, ఆస్తి చట్టం లాంటివి మళ్లీ చదవాలి. రెండు సబ్జెక్టులు అయ్యాయి. పని సంగతి ఇంతే.

మీకు ఒకావిడ గురించి చెప్పాలి. సూజన్ కీఫెల్. 1954లో ఈ రాష్ట్రంలోనే కెయిర్న్స్ అనే ఊళ్లో పుట్టారు. 15 ఏళ్లకే బడి మానేసి సెక్రటరీ పనుల్లో చేరారు. 1971లో ఈ ఊళ్లోనే బారిస్టర్ల దగ్గర రిసెప్షనిస్టు. అవును నాన్నా, నా కుర్చీయే! పగలు పని, రాత్రి చదువు. ముందు బడి చదువు పూర్తి చేశారు. ఆ తర్వాత లా కాలేజీ గడప తొక్కకుండానే బారిస్టర్లని చేర్చుకునే బోర్డు పెట్టే పరీక్షలు రాసి 1975లో బారిస్టరయ్యారు. కేంబ్రిడ్జికి వెళ్లి చదివింది తర్వాతెప్పుడో. 1987లో క్వీన్స్ కౌన్సెల్, అంటే మన సీనియర్ అడ్వకేట్ లాంటి హోదా. ఈ క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో అది దక్కిన మొదటి ఆడమనిషి ఆవిడే. 1993లో సుప్రీంకోర్టు జడ్జి, 2007లో హైకోర్టు జడ్జి.

తిరగేసి రాశాననుకోకండి. ఇక్కడ రాష్ట్రానిది సుప్రీంకోర్టు, దేశం మొత్తానికి పెద్దది కాన్‌బెర్రాలోని హైకోర్టు. 2017లో దానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ కుర్చీలో ఆడవాళ్లు కూర్చోవడం అదే మొదలు. 70 నిండితే దిగిపోవాలి, 1977లో జనం ఓటేసి పెట్టుకున్న నియమం. ఆవిడ 2023 నవంబరులోనే దిగిపోయారు.

నేనూ జడ్జినవుతానని చెప్పడం లేదు. ఆవిడకి ఇది సొంత దేశం, సొంత భాష. నేను ఫోన్‌లో ఒకే మాట రెండుసార్లు అడిగితే అవతలివాళ్లు విసుక్కుంటారు. కొన్ని రోజులు ఇంటికొచ్చి అన్నం కూడా వండుకోబుద్ధి కాదు. ఇది అమ్మకి చదివి వినిపించకండి.

ఆఫీసులో అందరూ మంచివాళ్లేనా అని అమ్మ అడుగుతూనే ఉంది. మంచివాళ్లే. అయినా అమ్మ అడగడంలో తప్పులేదు. ఆ పెద్ద కోర్టులోనే ఒక మాజీ జడ్జి తన దగ్గర పనిచేసిన ఆరుగురు అమ్మాయిల్ని వేధించాడని 2020లో కోర్టే వేయించిన విచారణలో తేలింది. కీఫెల్ కప్పిపుచ్చలేదు, సిగ్గుగా ఉందని చెప్పి అందరి ముందూ క్షమాపణ అడిగారు. పదవులన్నిటికంటే నాకు అదే గుర్తుండిపోయింది.

నిన్న రైలెక్కి శాండ్‌గేట్ వెళ్లాను. కీఫెల్ మానేసిన బడి ఆ చుట్టుపక్కలదే. బడికి వెళ్లలేదు, ఒడ్డున కూర్చున్నాను. మన సూర్యలంకలా కాదు, అలల మోతే లేదు. నీళ్లు వెనక్కి పోతే బురద కనిపిస్తుంది. జులై కదా, చలి. మీ బూడిదరంగు స్వెట్టరే వేసుకున్నాను.

అసలు సంగతి మరిచాను. ఇక్కడ కేసు కాగితాలకి గులాబీరంగు టేపు కడతారు. మొదటిరోజే కట్టేశాను, బిగుతుగా, ఒక్క లాగుకి ఊడేలా. ఈ ముడి ఎక్కడ నేర్చుకున్నావని ఒక పెద్ద బారిస్టరు అడిగాడు. మా నాన్న ముప్ఫై ఏళ్లు ప్లీడరు గుమాస్తా అన్నాను. మళ్లీ విప్పించి, ఎలా వేశావో చూపించమన్నాడు.

మోకాలికి డాక్టరు చెప్పిన వ్యాయామం మానకండి. వచ్చే ఆదివారం మీకు పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తాను. అమ్మకివ్వకుండా మీరే ఎత్తండి.

మీ చిన్ని