ఆలస్యమైన రిపేర్ల గురించి, ఒక హార్మోనియం గురించి

మా వాయిద్యాల రిపేరు షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. పోయిన శుక్ర, శనివారాల్లో షాపు మూసి ఉండడంతో చాలామంది వచ్చి తిరిగి వెళ్ళారు. గంగ జాతర దగ్గరపడి అందరికీ తొందరగా ఉన్న రోజుల్లో ఇలా చేసినందుకు ముందు క్షమించమని అడుగుతున్నాను. ఎందుకు మూశానో చెప్పాలి, ఆ రోజు చేసిన ఒక తప్పు గురించీ చెప్పాలి.

చంద్రగిరి దగ్గర మా ఊళ్ళో పలకలు, అంటే డప్పులు, కొట్టే మామ ఒకాయన ఉన్నాడు. జాతరైనా, చావైనా ఆయన పలక మోగాల్సిందే. చింతకాయలు దులుపుతూ కిందపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది గానీ మూడు నెలలు పనికి పోకూడదన్నారు. ఆ ఇంటికి ఏడాదిలో నాలుగు డబ్బులు కనబడేది ఈ మూడు నెలల్లోనే. అందుకే శనివారం సాయంత్రం ఊరి కమ్యూనిటీ హాల్లో మా బృందం పాటల కచేరీ పెట్టింది. మాలో ఎవరికీ ఇది వృత్తి కాదు. పాడేది ఒక అంగన్‌వాడీ టీచరు, ఒక ఆర్టీసీ కండక్టరు. కీబోర్డు మా బావమరిది, డోలక్ నేను.

శుక్రవారమంతా ఆ హాలుతోనే సరిపోయింది. నాలుగు వైపులా సిమెంటు గోడలు, పైన రేకులు. ఒక మాట అంటే మూడు మాటలు వినిపిస్తాయి. టెంట్ హౌస్ వాళ్ళు ఇచ్చిన తివాచీలు వెనక గోడకు వేలాడదీశాకే పాటలో మాట తెలిసింది. మైకు కుయ్యిమంటుంటే స్పీకర్లను మైకుల కంటే ముందుకు జరిపాం. స్పీకర్ శబ్దం మళ్ళీ మైకులోకి దూరితేనే ఆ కూత వస్తుంది. మృదంగం మాత్రం పక్కన పెట్టాల్సి వచ్చింది. టీచరమ్మ పాడేది ఐదు శృతికి, అంటే బాగా పై స్థాయిలో. మా దగ్గరున్నది కింది స్థాయికి కట్టిన ఒకటి శృతి మృదంగం. పెద్ద మృదంగాన్ని అంత పైకి బిగిస్తే మూత, అంటే వాయించే చర్మం, పగులుతుంది.

శనివారం సాయంత్రం అయిదున్నరకు కరెంటు పోయి, ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజితో వచ్చింది. కీబోర్డు అడాప్టర్ కాలిపోయింది. హాల్లో జనం కూర్చుంటున్నారు. నేను బండి మీద తిరుపతికొచ్చి, రిపేరు పూర్తయి షాపులో ఉన్న ఒక హార్మోనియం తీసుకెళ్ళాను. అది భారతం ఆడే నాటక బృందం వాళ్ళది. వాళ్ళకు ఫోన్ చేయలేదు. ఆ టెన్షన్‌లో తోచలేదని చెప్పగలను గానీ, దారిలో ఒక నిమిషం బండి ఆపి అడగొచ్చు కదా. మీరు నమ్మి వదిలిన వస్తువును మిమ్మల్ని అడక్కుండా గడప దాటించడం తప్పే.

ఆదివారం పొద్దున్నే వాళ్ళ పెద్దాయన దగ్గరికెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక మాట చెప్పుంటే వద్దంటామా నాయనా" అన్నాడు. నాకు ఆ మాటే ఇంకా మనసులో ఉంది. బండి మీద కుదుపులకు హార్మోనియం గాలి తిత్తి అంచు కొంచెం లేచింది. దాన్ని మళ్ళీ అతికించి, రీడ్లన్నీ శృతి చూసి, సోమవారం వాళ్ళ ఒద్దికల (రిహార్సల్) వేళకు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. రిపేరు డబ్బులు తీసుకోలేదు. ఇకమీదట షాపులో ఉన్న మీ వస్తువు మీ చేతికే వస్తుంది. ఎంత అవసరం వచ్చినా ఇంకెక్కడికీ పోదు.

హుండీలో వచ్చింది 38,640 రూపాయలు. జనరేటర్ డీజిల్ మా జేబుల్లోంచి పెట్టుకున్నాం కాబట్టి మొత్తం మామ ఇంటికే చేరింది. రాత్రి 10 తర్వాత మైకు పెట్టకూడదు కనుక తొమ్మిదిన్నరకే పాటలు ఆపేశాం. అప్పుడు మామ కొడుకు బయట వరిగడ్డి మంట వేసి పలక కాచుకొని లోపలికొచ్చాడు. పది నిమిషాలు వాయించాడు. మంచంతో సహా తీసుకొచ్చి వాకిట్లో పెట్టాం మామను. ఆయన చెయ్యి మంచం కోడు మీద దెబ్బ తప్పకుండా ఆడుతూనే ఉంది.

ఆగిన పనుల సంగతి: డోలక్‌లు, తబలాలు గురువారానికల్లా ఇచ్చేస్తాను. మృదంగం మూతలకు ఇంకో వారం పడుతుంది, కరణ (మూత మధ్యలో వేసే నల్ల ముద్ద) ఆరకుండా తొందరపడితే నాదం నిలవదు. జాతరకు పలకలు కావలసినవాళ్ళు ముందు రోజే ఫోన్ చేయండి, మీవే ముందు చూస్తాను. ఈ ఆదివారం రాత్రి తొమ్మిది దాకా షాపు తెరిచే ఉంటుంది.